మా అక్క తొమ్మిదో వంతు

పోయిన నెలలో ఒకరోజు కావలి కాలేజీలో రెండో పీరియడు పాఠం చెబుతుంటే మా మిల్లు గుమాస్తా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కొడవలూరు నుంచి బియ్యం లారీలో ఎక్కి వచ్చినట్టున్నాడు, చొక్కా భుజాల మీద తవుడు దుమ్ము ఇంకా అలాగే ఉంది. ఆయన పాఠం మధ్యలో రావడం ఎన్నడూ లేదు. నేను బయటికి వెళ్ళేసరికి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కగారు పోయినారు సార్. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నారు. అంతే."

మిల్లులో పనిచేసే వాళ్ళందరికీ ఆమె అక్కగారే. మా అన్నకూ నాకూ సొంత అక్క. మీలో చాలామంది ఆమెను ఎరగరు. మా ప్రాంతంలో బియ్యం మిల్లుల మాట వస్తే మా అన్న పేరు చెబుతారు. ఒక మిల్లును రెండు చేసినవాడని, ఎక్కడ కొనాలో ఎక్కడ కొనకూడదో తెలిసినవాడని అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ సగమే ఉంది. మిగతా సగం చెప్పవలసిన బాధ్యత నాది.

అక్క అన్నకంటే ఆరేళ్ళు, నాకంటే పధ్నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళయిన మూడో ఏడు బావ విషజ్వరంతో పోతే పుట్టింటికి తిరిగి వచ్చింది. అమ్మ అప్పటికే లేదు. ఇల్లూ వంటా, మిల్లు కూలీలకు మధ్యాహ్నం మజ్జిగా, అన్నీ ఆమె చేతి మీదుగానే నడిచేవి. బడిలో నాలుగో క్లాసు దాటలేదు గాని అచ్చయిన కాగితం ఏది కంటపడినా వదిలేది కాదు. కందిపప్పు పొట్లం విప్పి, పప్పు డబ్బాలో పోసి, ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసి, అక్షరాల కింద వేలు నడుపుతూ పైకి చదివేది. సగంలో చిరిగిపోయిన వార్త అయితే మిగతాది ఏమై ఉంటుందా అని రోజంతా ఆలోచించేది. మిల్లుకు ధాన్యం బండ్లు వస్తే ఒక గింజ తీసి పంటి కింద కొరికి, "ఇంకో రెండెండలు కావాలి" అనేది. రైతులు ఆమె మాటకు ఎదురు చెప్పింది నేను చూడలేదు.

ఆడబిడ్డలకు కూడా తండ్రి ఆస్తిలో భాగం ఉంటుందని కొత్త చట్టం వచ్చిన తరువాతే మా నాయన పోయాడు. ఆ చట్టం గురించి మా ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. కర్మకాండలన్నీ అయ్యాక అన్న నెల్లూరు నుంచి మా ప్లీడరు గారిని పిలిపించి, అందరి ఇళ్ళల్లో రాయించుకున్నట్టే ఒక విడుదల కాగితం రాయించాడు. అక్క ముందు పెట్టి కలం చేతికిచ్చాడు.

"ఇందులో ఏమి రాసుండాది?" అని అక్క అడిగింది.

"మామూలుదే అక్కా. నాయన ఆస్తిలో నీకు హక్కు లేదని, ఉన్నా వదులుకుంటా ఉండావని."

"లేనిదాన్ని వదులుకునేది ఎట్టా అబ్బయ్యా? ఉంటేనే కదా వదులుకునేది?"

అన్న నవ్వాడు. ప్లీడరు గారు మాత్రం నవ్వలేదు. కాగితం తెచ్చినవాడు ఆయనే అయినా, అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఉమ్మడి ఆస్తిలో నాయనది మూడో వంతని, ఆ మూడో వంతు ఇప్పుడు మా ముగ్గురికీ సమానంగా వస్తుందని, కాబట్టి మిల్లులోనూ పొలంలోనూ అక్కకు తొమ్మిదో వంతు ఉందని వివరంగా చెప్పాడు. అక్క చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. చివరికి, ఆ వంతు మిల్లులోనే ఉండనివ్వమని, తాను తీసుకుపోనూ పోనని, రాసివ్వనూ రాసివ్వనని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

అన్న బాధపడ్డాడు. పదేళ్ళుగా అక్కను కళ్ళల్లో పెట్టుకున్నానని, తనను నమ్మలేదని నాతో అన్నాడు. కోపం వచ్చినప్పుడల్లా ఆమెను "తొమ్మిదో వంతు" అనడం అప్పుడే మొదలుపెట్టాడు. అన్నం పెట్టమనడానికి కూడా "తొమ్మిదో వంతు గారికి తీరికయిందా" అనేవాడు. అక్క ఏమీ అనుకోకుండా కంచం పెట్టేది.

ఆ తరువాత ఒకటి రెండేళ్ళకు మిల్లుల చట్టం వచ్చింది. ఈ రోజుల్లో వ్యాపారంలోకి వచ్చిన కుర్రవాళ్ళకు ఆ మార్పు ఎంత పెద్దదో తెలియదు. అంతకు ముందు చేతిలో డబ్బూ, దారి పక్కన స్థలమూ ఉంటే ఎవరైనా మిల్లు కట్టుకునేవారు. ఇకమీదట కొత్త మిల్లు పెట్టాలంటే సర్కారు అనుమతి ఉండాలన్నారు. చేత్తో దంచుకుని బతికేవాళ్ళ నోటి దగ్గర కూడు పోకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. మా అన్న అప్పటికే రోడ్డు పక్కన స్థలం చూసి ఇటుక తోలించి ఉన్నాడు. దరఖాస్తు పెట్టాడు. మద్రాసు, హైదరాబాదు తిరిగాడు. అనుమతి రాలేదు. ఆ ఇటుకతో తరువాత గొడ్ల చావిడి కట్టుకున్నాం.

కట్టుకోలేనివాడు కొనుక్కోవాలి. జిల్లాలో మిల్లులున్న కుటుంబాలన్నీ ఆ ఏడాదే పాత మిల్లుల కోసం, సంబంధాలు వెతికినట్టు, ఊరూరా వెతకడం మొదలుపెట్టాయి. ఎవరి ఇంట్లో పెద్దాయన పోయాడు, ఎవరి అన్నదమ్ములు పడటం లేదు, ఏ ఇంజను మూలపడింది అని ఆరా తీసేవారు. మిల్లులు పెరగకూడదని చట్టం అనుకుంది. పెరగలేదు కూడా, కానీ ఉన్నవి తక్కువ చేతుల్లోకి పోవడం మొదలైంది. చట్టం రాసినవాళ్ళు ఇది ఊహించి ఉండరనే నేనిప్పటికీ అనుకుంటాను.

మా ఊరికి తూర్పున, సముద్రం వైపు, మద్రాసు పడవలు పోయే కాలువ ఒడ్డున ఒక మిల్లు ఉండేది. దాని యజమాని క్రైస్తవుడు, మంచి పనివాడు. గుండెనొప్పితో హఠాత్తుగా పోయాడు. ఆయన భార్య మిషన్ బడిలో టీచరు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది నర్సు చదువుతోంది, చిన్నది ఇంకా బడిలో ఉంది. మిల్లు మూతబడి ఎనిమిది నెలలయింది. అన్న రెండుసార్లు వెళ్ళి చూశాడు. రెండోసారి నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ఉప్పుగాలికి యంత్రాలన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. అన్న ఇంజను చక్రం మీద గోటితో గీకి, పెదవి విరిచి, పాత ఇనుముకు ఏమిస్తారో అంతే చెప్పాడు. ఆ టీచరమ్మ గారు ఆలోచించుకుని సరే అనేలాగే ఉన్నారు.

ఆ కాస్త డబ్బుతో పాటు, యంత్రాలు బాగు చేయించడానికి కూడా అప్పు కావాలి. నెల్లూరులో బ్యాంకు వాళ్ళు మా మిల్లును తాకట్టు పెట్టమన్నారు, భాగమున్న ముగ్గురూ సంతకాలు చేయాలన్నారు. అలా ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కాగితాలు అక్క చేతికి వచ్చాయి. ఆమె కళ్ళజోడు తగిలించుకుని మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. అన్న అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడో పేజీ అయ్యాక తలెత్తి, తుప్పుపట్టిన ఇనుముకు నాయన కట్టిన మిల్లును తాకట్టు పెడతామా అని అడిగింది.

అన్నకు తన తెలివి చెప్పుకునే అవకాశం వచ్చింది. ఇనుము కోసం కానే కాదని, ఆ మిల్లుకున్న లైసెన్సు కోసమని చెప్పాడు. ఏడాది పాటు ఆడకపోతే చట్టం దాన్ని చచ్చిన మిల్లు కింద లెక్కగడుతుంది, మళ్ళీ ఆడించాలంటే కొత్తదానికి లాగే అనుమతి కావాలి. ఇంకా నాలుగు నెలలు గడువుంది. ఈలోగా కొని ఆడిస్తే జిల్లాలో ఎవరికీ దొరకని రెండో మిల్లు మనకు ఇనుము ధరకు దొరుకుతుంది.

"ఈ సంగతి టీచరమ్మకు తెలుసునా?" అని అక్క అడిగింది.

"ఆమె అడగలా, నేను చెప్పలా. వ్యాపారంలో అన్నీ చెప్తామా అక్కా?"

అక్క కలం మూత బిగించింది. "అయితే నేనూ సంతకం పెట్టలా."

ఆ తరువాత జరిగిన గొడవంతా రాయను. అన్న వాదన తీసిపారేసేది కాదు. తాను అబద్ధమాడలేదు. చట్టం సర్కారు గెజిట్లో అచ్చయింది, ఎవరైనా చదువుకోవచ్చు, అందులోనూ ఆమె చదువుకున్న మనిషి, టీచరు. తనకు అక్కరలేని మిల్లును అమ్ముకుంటోంది, మనం బలవంతం చేయడం లేదు. అన్న ఇదంతా చెప్పాక అక్క అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది.

"నాయన పోయినప్పుడు నా చట్టమూ గెజిట్లో అచ్చయ్యే ఉండింది అబ్బయ్యా. నాకు తెలుసునా? ఆ రోజు ప్లీడరు గారు నోరు తెరవకపోతే నేనూ సంతకం పెట్టేసేదాన్నే."

అన్న బయటికి వెళ్ళిపోయాడు. నేను తలవంచుకుని కూర్చున్నాను. మిల్లు చూడటానికి వెళ్ళిన రోజు బండిలో తిరిగి వస్తున్నప్పుడే అన్న నాకు లైసెన్సు సంగతంతా చెప్పాడు. చదువుకున్నవాణ్ణి, నాకూ తెలుసు. నేనూ నోరు తెరవలేదు. అక్క నన్ను ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

మరుసటి శనివారం ఆమె నన్ను తోడు తీసుకుని బండి కట్టించుకుని టీచరమ్మ గారింటికి వెళ్ళింది. టీచరమ్మ గారు వరండాలో ఎర్ర సిరాతో పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. అక్క ఏ ఉపోద్ఘాతమూ లేకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. మిల్లు ఏడాది మూతబడి ఉంటే లైసెన్సు పోతుందని, లైసెన్సు ఉన్న మిల్లు ధర వేరని, అమ్మేముందు నలుగురినీ అడగమని. ఆమె కృతజ్ఞతలు చెబుతారని నేననుకున్నాను. ఆమె కలం పక్కన పెట్టి మా ఇద్దరినీ అనుమానంగా చూశారు.

"కొనేవాళ్ళు మీరే కదండీ. ఈ మాట మీరెందుకు చెప్తా ఉండారు?"

"కొనేది మా తమ్ముడు. సంతకం నాది కూడా. నా సంతకం పైన మీకు తెలియని మాట ఉండకూడదు" అని అక్క చెప్పింది.

టీచరమ్మ గారు ఆలోచించుకుంటామన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. గేటు దాకా వచ్చి సాగనంపారు గాని నవ్వలేదు.

ఆ మాట దాగలేదు. కావలి నుంచి ఒక పెద్ద మిల్లు ఆసామి కారులో వచ్చి మా అన్న చెప్పినదానికి మూడింతలు ఇస్తానన్నాడని తెలిసింది. అన్న అక్కతో మాట్లాడటం మానేశాడు. భోజనానికి నెల్లూరు హోటలుకు పోయేవాడు. మైళ్ళ దూరం సైకిలు తొక్కి ఇడ్లీ తిని వచ్చేవాడు. తొమ్మిదో నెల పోయింది. పదో నెల పోయింది. టీచరమ్మ గారి నుంచి కబురు లేదు, కావలి ఆసామికీ ఇవ్వలేదు. గడువు దాటితే ఆ లైసెన్సు ఎవరికీ పనికిరాదు. అక్క చేసిన పనివల్ల మాకు మిల్లు పోవడమే కాదు, ఆ తల్లీబిడ్డలకు ఇనుము డబ్బులు మాత్రమే మిగిలే పరిస్థితి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒకనాడు చింతపండు గింజ తీస్తూ అక్క నాతో మెల్లగా అంది. "ధర్మం చేసినానో, ఆ యమ్మ గొంతు కోసినానో తెలియకుండా ఉండాది చిన్నోడా." ఆమె చేతులు ఆగకుండా పనిచేస్తూనే ఉన్నాయి. ఏది మంచో తెలిసిన మనిషికి భయం ఉండదని అప్పటిదాకా నేననుకునేవాణ్ణి.

పదకొండో నెలలో టీచరమ్మ గారు తానే మా మిల్లుకు వచ్చారు, పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని. ఇన్నాళ్ళూ ఏంచేశారో అప్పుడు తెలిసింది. ఆమె చట్టాన్ని తెప్పించుకుని చదివారు, తెలిసిన ప్లీడరుకు చూపించుకున్నారు. కావలి ఆసామిని, తన భర్త దగ్గర పనిచేసిన కూలీలను ఉంచుకుంటారా అని అడిగారు. ఆయన తన మనుషులు తనకున్నారని చెప్పాడట. ఆమె మా అన్న ముందు కూర్చుని, మిల్లు అమ్మనని, భాగస్వామ్యంగా నడుపుదామని చెప్పారు. స్థలమూ లైసెన్సూ వాళ్ళవి, యంత్రాల బాగూ నడపడమూ మావి. లాభంలో సగం. పాత కూలీలంతా ఉండాలి.

అన్న ఒప్పుకోలేదు. కొంటే కొనాలి, లేదంటే మానుకోవాలి, వేరే కుటుంబంతో పొత్తేమిటన్నాడు. టీచరమ్మ గారు, కూలీలకు మజ్జిగ పోస్తున్న అక్కను చూపించి, "ఆమె ఉన్న చోట నేను పొత్తు కడతాను. మీతో ఒక్కరితో అయితే కట్టను" అని నెమ్మదిగానే అన్నారు.

అన్న మొహం ఎర్రబడింది. నెల రోజుల గడువుంది, కావలి ఆసామి కారు వీధి చివరే తిరుగుతోంది. చివరకు అతను నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వే గాని అందులో విషం లేదు. "తొమ్మిదో వంతు ఇప్పుడు సగం తెచ్చింది" అన్నాడు. మూడు నెలల తరువాత ఆ రోజే అక్కతో మాట్లాడటం.

ఉమ్మడి కుటుంబం పేరుతో పొత్తు కుదరదని, మనుషుల పేర్లే రాయాలని ప్లీడరు గారు చెప్పడంతో అక్క పేరు కూడా దస్తావేజులోకి ఎక్కింది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా టీచరమ్మ గారికి కలమిచ్చి, అక్క ముందుకు వేలిముద్రల సిరా డబ్బా జరిపాడు. అక్క ఆ డబ్బాను పక్కకు పెట్టి, దస్తావేజు తీసుకుని, మొదటి అక్షరం నుంచి పైకి చదవసాగింది. మా వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. పదకొండు పేజీలూ చదివింది. ఒక చోట "కూలీలు" బదులు "కూలి" అని పడిందని దిద్దించి మరీ సంతకం పెట్టింది.

గడువుకు తొమ్మిది రోజుల ముందు ఆ మిల్లు ఆడింది. నలుగురు మనుషులు కలిసి చక్రం తిప్పితే మూడోసారికి ఇంజను అందుకుంది. టీచరమ్మ గారు కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు, మా అన్న కొబ్బరికాయ కొట్టాడు. మొదటి ధాన్యం ఆ పక్క ఊరి రైతుదే.

ఆ తరువాతి ఏళ్ళల్లో అన్న ఏ మిల్లు మీద కన్నేసినా ముందు అక్క దగ్గర కూర్చునేవాడు. మద్రాసు రాష్ట్రం హద్దున, తడ దగ్గర ఒక మిల్లు బేరానికి వచ్చింది. మద్రాసు బజారు పక్కనే, అటు నుంచి అటే అమ్ముకోవచ్చని అన్నకు ఆశ కలిగింది. అక్క అంతా విని, "మనం కొంటా ఉండేది మిల్లునా, హద్దునా? సర్కారు గీసిన గీత పక్కన ఇల్లు కట్టుకుంటే, గీత జరిగినప్పుడు ఇల్లు కూడా జరపాల" అంది. అన్న కొనలేదు. కొంతకాలానికి బియ్యం రాష్ట్రం దాటకూడదని ఉత్తర్వులు వచ్చాయి, దాన్ని కొన్నాయన చాలా ఇబ్బంది పడ్డాడు. మేము ఆమెను పొగిడితే ఒప్పుకునేది కాదు. ఆ ఉత్తర్వు రాకుండా ఉంటే మీరే నన్ను తిట్టి ఉందురు కదా అనేది.

ఆమె లెక్క తప్పిన సంగతీ చెప్పాలి. కావలిలో ఒక వేరుశనగ నూనె మిల్లు మంచి ధరకు వచ్చింది. వారసుల మధ్య కోర్టు వ్యాజ్యం ఉందని తెలిసి అక్క కుదరదంది, అన్న మానుకున్నాడు. కొన్నతను ఆరు నెలల్లో వారసులందరినీ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చేయించి, ఇప్పుడు బ్రహ్మాండంగా నడుపుతున్నాడు. అన్న ఆ మిల్లు ముందు నుంచి బస్సు పోయినప్పుడల్లా ఆమెకు చూపించేవాడు. ఒకసారి ఆమె చాలా సీరియస్‌గా, "ఆ వ్యాజ్యం కాగితాలు నేను చదవనేలేదు అబ్బయ్యా. కోర్టు అన్న మాట విని భయపడినాను. చదివి భయపడి ఉండాల్సింది" అని ఒప్పుకుంది. ఇప్పుడు నా విద్యార్థులకు నేను చెప్పే మాటల్లో అదొకటి. ఎవరిదో మాత్రం ఇన్నాళ్ళూ చెప్పలేదు.

గుమాస్తాతో కలిసి నేను ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టీచరమ్మ గారూ, ఇద్దరు కూతుళ్ళూ అప్పటికే వచ్చి అక్క పాదాల దగ్గర కూర్చుని ఉన్నారు. కాలువ ఒడ్డు మిల్లు కూలీలంతా నడిచి వచ్చారు. మరునాడు ప్లీడరు గారు వచ్చి, పిల్లలు లేని మనిషి కాబట్టి తండ్రి నుంచి వచ్చిన ఆ వంతు మళ్ళీ మా ఇద్దరికే చేరుతుందని, వీలునామా రాస్తే ఎవరికైనా ఇచ్చుకోవచ్చని తాను ఏడాది కిందటే చెప్పానని అన్నారు. ఆమె నవ్విందట. అది ఇంట్లో తన మాట చెల్లడానికి వచ్చిన వంతని, తాను పోయాక తమ్ముళ్ళదే కదా అన్నదట. ఆ మాట విని అన్న లేచి బయటికి వెళ్ళాడు.

నేను కాసేపు ఆగి వెళ్ళాను. మిల్లు ఆపేసి ఉంది. ముందు రోజు ఆరబోసిన ధాన్యాన్ని తిరగేసేవాళ్ళు లేక ఎండలో అలాగే వదిలేశారు. అన్న చెప్పులు చేత పట్టుకుని ఆ ధాన్యం మధ్యలోంచి, గింజ నలగకుండా కాళ్ళు ఈడుస్తూ, అవతలి గోడ దాకా నడుచుకుంటూ వెళ్ళాడు. అక్కడ గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. అతను నడిచిన చోట పల్చటి దారి ఒకటి పడింది. సాయంత్రం సముద్రం గాలి లేచేదాకా అది అలాగే ఉంది.